ముందే తేలిన ఆటలో మోసం ఉంటుందా?

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. ఇది ఇప్పుడు రహస్యమేమీ కాదు. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా కంపెనీయే న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు, ఇది వినోదమే గాని పోటీ కాదని చెప్పుకుంది. పోటీ అంటే ప్రభుత్వ నియమాలు మీద పడతాయి మరి! మా బడి పిల్లలైతే "అంతా ఉత్తుత్తిదే సార్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఉత్తుత్తి ఆటలో మోసం అనేది ఉంటుందా? ఉంటుందనే మేము అంటాం.

1985లో జరిగిన రెండు ఓటములను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది జపాన్‌లోని ఒసాకాలో, ఆగస్టు 28న. చిగుసా నగాయో, డంప్ మత్సుమోతో తలపడ్డారు. ఓడినవారు అక్కడికక్కడే గుండు గీయించుకోవాలని షరతు. నగాయో ఓడింది. రింగులోనే ఆమె జుట్టు తీసేశారు. చూడవచ్చిన వాళ్లలో ఎక్కువమంది బడికెళ్లే ఆడపిల్లలు. వాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. ఫలితం ముందే తేలినదే, కానీ కారిన నెత్తురు నిజం, రాలిన జుట్టు నిజం. ఆ ఓటమికి నగాయో తెలిసే ఒప్పుకుంది. మైదానం ఊళ్లలో నాటకం ఆడేటప్పుడు, దుర్యోధనుడి వేషం కట్టినవాడికి చివర్లో తొడ విరుగుతుందని ముందే తెలుసు. అతను మోసపోయాడని ఎవరూ అనరు.

రెండోది న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నవంబర్ 25న. అప్పటి మహిళా ఛాంపియన్ వెండీ రిక్టర్. అంతకు ముందు ఏడాది ఆమె ఫాబ్యులస్ మూలా అనే పాత ఛాంపియన్‌ను ఓడించి బెల్టు గెలిచింది. మూలా 28 ఏళ్లు వరుసగా ఛాంపియన్‌గా ఉందని కంపెనీ చెప్పేది. నిజానికి మధ్యలో ఆమె కొన్నిసార్లు ఓడింది. కంపెనీ లెక్కలోకి ఆ ఓటములు రాలేదు, అంతే. రిక్టర్‌కు టీవీలో పేరు బాగా పెరిగింది. దానికి తగిన డబ్బు రావడం లేదని ఆమె కంపెనీతో పేచీ పడుతోంది. ఆ రాత్రి ఆమె ఎదుట 'స్పైడర్ లేడీ' పేరుతో ముసుగు మనిషి నిలబడింది. పట్టులో రిక్టర్ భుజం పైకి లేపినా రిఫరీ ఆగకుండా మూడు లెక్కించి ఆట ముగించేశాడు. రిక్టర్‌కు ఏమీ అర్థం కాక ఇంకా పోరాడుతూ ముసుగు లాగింది. లోపల ఉన్నది మూలా. రిక్టర్ ఆ కంపెనీలో మళ్లీ కుస్తీ పట్టలేదు.

ఈ ఆటలో ఒకరు తన ఒంటిని ఎదుటివారి చేతికి అప్పగిస్తారు. ఎత్తినవాళ్లు మెడ విరగకుండా దించుతారని నమ్ముతారు. ఆ నమ్మకం లేకపోతే ఆటే లేదు. కంపెనీ ఆ నమ్మకాన్నే వాడుకుని కూలి తగాదాను తీర్చుకుంది. గెలుపు ఉత్తుత్తిదే కావచ్చు, ఆమెకిచ్చిన మాట ఉత్తుత్తిది కాదు.

అయితే 'ఒప్పుకుంది' అన్నంత మాత్రాన సరిపోతుందా? ఇక్కడే మాకు తేలడం లేదు. నగాయో పనిచేసిన జపాన్ కంపెనీలో పదిహేను, పదహారేళ్లకే అమ్మాయిలు చేరేవారు. మద్యం, సిగరెట్, మగవాళ్లతో స్నేహం కూడదు. 26 ఏళ్లకు తప్పుకోవాలన్నది ఆనవాయితీ. కాదనగల వీలు ఆ పిల్లలకు ఎంత ఉండేది? వేలిముద్ర వేశాడు గనక ఒప్పుకున్నట్టే అన్న మాట మన తాతల భూముల విషయంలో చాలాసార్లు విన్నాం. అందుకే ఒప్పందం అనగానే మనకు గౌరవంతో పాటు అనుమానమూ కలుగుతుంది, కలగాలి కూడా. నగాయో 1989లో తప్పుకుంది. కొన్నేళ్లకు తిరిగి వచ్చి తానే సొంత సంస్థ పెట్టి అమ్మాయిలకు కుస్తీ నేర్పింది.

రిక్టర్‌ను 2010లో అదే అమెరికా కంపెనీ పిలిచి తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. ఛాంపియన్ల జాబితాలో మాత్రం 1985 నవంబర్ 25న గెలిచినది మూలా అనే ఉంది.