బెంగళూరులోనూ బోర్లా పడితే బొబ్బట్లే

నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి వంటకాలు అటూ ఇటూ మారతాయి గానీ, బిడ్డ చేసే ప్రతి చిన్న పనికీ పొయ్యి వెలిగించి ఇరుగుపొరుగుకు పంచడం మన ఇళ్లలో తరాలుగా ఉన్నదే. పెళ్లికీ బారసాలకూ పెద్దలు ముహూర్తం పెడతారు. ఈ పండగలకు ముహూర్తం బిడ్డదే. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

ఆ కనిపెట్టుకుని ఉండే మనిషికే బెంగళూరులో కరువు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్లలో చాలామంది ఇళ్లల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు తల్లికి జీతంతో 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చనీ అన్నారు. మంచి చట్టమే. కానీ 26 వారాలంటే ఆరు నెలలు. పాపాయి బోర్లా పడటం అమ్మ చూస్తుంది. పాకడం, గడప దాటడం, తొలి అడుగు ఆ తర్వాతి సంగతులు.

మా పాప నిద్రొస్తే ఎడమ చెవి నలుపుకుంటుంది. పాలు తాగుతూ నా చున్నీ అంచు వేలికి చుట్టుకుంటుంది. నేల మీద పడ్డ మరమరాన్ని మొదట్లో అరచేత్తో ఊడ్చేది, అది జారిపోయేది. మళ్లీ ఊడ్చేది. తొమ్మిదో నెల దాటాక ఒక సాయంత్రం బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాన్ని పట్టేసింది. పట్టి, నోట్లో పెట్టుకోకుండా, కళ్ల దగ్గరకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పిల్లల డాక్టర్లు కూడా ఈ పట్టును ఎదుగుదలలో ముఖ్యమైన మెట్టుగా చూస్తారు. రేపు ముగ్గు వేయాలన్నా, పెన్సిలు పట్టాలన్నా ఆ రెండు వేళ్లే కదా! దీనికి మన పెద్దలు చెప్పిన వంటకం నాకు తెలిసి లేదు. మేం మరమరాల ఉండలు చేసి మా అంతస్తులో పంచాం.

మాటల సంగతికొస్తే, జానెట్ వెర్కర్ అనే కెనడా శాస్త్రవేత్త 1984లో సహచరుడితో కలిసి ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ట, త ధ్వనుల తేడా పట్టుకోగలిగారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. 2003లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి, టీవీలో చూపిస్తే పట్టుబడలేదు. కాబట్టి ఫోన్‌లో తెలుగు పాట పెట్టి వదిలేస్తే చాలదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడే మనిషి కావాలి. బిడ్డను చూసుకునే ఆయమ్మ కన్నడంలో మాట్లాడితే మాట్లాడనివ్వండి, అదీ బిడ్డకు ఆస్తే. తెలుగు మాత్రం మన బాధ్యత.

అరిసెలు వండే తీరిక లేదంటారు. మల్లేశ్వరంలో, గాంధీబజారులో కజ్జాయ పేరుతో దొరుకుతాయి. మన బొబ్బట్టు ఒబ్బట్టు పేరుతో ఈ ఊరి వంటే. అరిసెలు తెచ్చి, పళ్లెంలో పరిచి, వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయించండి. తొలి అడుగు మీకంటే ముందు ఆయమ్మ చూసి ఉంటే బాధపడకండి, తొలి అరిసె ఆమెకివ్వండి. మొదటి పుట్టినరోజు ఎంత ఘనంగా చేస్తారో మీ ఇష్టం. అంతకుముందు వచ్చే ఈ చిన్న పండగల్లో ఒక్కటైనా చేసుకోండి, ఎదురింటివాళ్లను పిలవండి. తెలుగువాళ్లే కానక్కర్లేదు.