పోసేవాడి చేతిలో కొలత

విశాఖపట్నం

చిన్నా,

నీ మెయిల్ అందింది. సియాటిల్‌లో నెలకో శనివారం స్నేహితులని ఇంటికి పిలిచి సముద్రం సినిమా ఒకటి వేస్తాననీ, సినిమాకి తగ్గ కాక్‌టెయిల్ నువ్వే కలిపి ఇస్తాననీ రాశావు. జీవితమంతా ఓడల ఇంజిన్ రూముల్లో గడిపినవాడివి గనక ఏ సినిమాకి ఏ గ్లాసో నువ్వే చెప్పు మామయ్యా అన్నావు. అమ్మకి చెప్పొద్దని చివర్లో ఓ ముక్క చేర్చావు. చెప్పను. కానీ ఈ ఉత్తరం రేపు మీ అమ్మ చేతిలో పడినా నువ్వు తలదించుకోవాల్సిన పని ఉండకూడదు. ఆ షరతు మీదే రాస్తున్నాను.

తాగొద్దని చెప్పడానికి కూర్చోలేదురా. సొంత సంపాదన ఉన్నవాడివి, నీ మంచీ చెడూ నీకు తెలుసు. నేను చెప్పదలచింది ఒకటే. తాగేవాడి పూచీ వేరు, పోసేవాడి పూచీ వేరు. తాగేవాడు తన ఒంటికీ తన ఇంటికీ జవాబు చెప్పుకోవాలి. పోసేవాడు తన గుమ్మం దాటి లోపలికొచ్చిన ప్రతి మనిషికీ జవాబు చెప్పుకోవాలి. నువ్వు పోసేవాడివి కాబోతున్నావు.

ఓడల మీద ఆ పూచీ ఎలా చూసుకున్నారో చెప్తాను. బ్రిటిష్ నౌకాదళంలో మందు లెక్క ప్రకారమే నడిచింది. 18వ శతాబ్దంలో నావికుడికి రోజుకి అర పింటు రమ్ము ఇచ్చేవారు. పీపాల్లో నీళ్లు పాచిపట్టేవి, బీరు పులిసిపోయేది, రమ్ము మాత్రం నిలిచేది. అంత రమ్మూ ఒక్క విడతలో పట్టించి తెరచాప కొయ్య ఎక్కినవాడి గతి ఏమవుతుందో వేరే చెప్పాలా? 1740 ఆగస్టులో, జమైకాలో ఉండగా, అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఒక ఉత్తర్వు వేశాడు. ఒక పాలు రమ్ముకి నాలుగు పాళ్లు నీళ్లు కలపాలి, రోజుకి రెండు విడతలుగా ఇవ్వాలి. ఆ కలపడం డెక్కు మీద, డ్యూటీలో ఉన్న లెఫ్టినెంట్ ఎదుట జరగాలి. ఆ నీళ్లు కలిపిన రమ్మునే గ్రాగ్ అన్నారు.

ఆ ఉత్తర్వులో నీళ్ల కన్నా నాకు ఆ లెఫ్టినెంటే ముఖ్యుడిగా కనిపిస్తాడు. పోసే చోట బాధ్యత గల మనిషి ఒకడు కళ్లు తెరుచుకుని నిలబడాలన్నారు. శనివారం రాత్రి మీ ఇంట్లో ఆ లెఫ్టినెంటువి నువ్వే. అతిథులు వెళ్లేదాకా నీ గ్లాసులో నిమ్మరసమే ఉండాలి.

ఆ తర్వాత రోజువారీ రమ్ము మోతాదు 19వ శతాబ్దంలో రెండుసార్లు తగ్గింది. 1970 జూలై 31న పూర్తిగా ఆగిపోయింది. నావికులు ఆ రోజుని బ్లాక్ టాట్ డే అని పిలుచుకున్నారు. నౌకాదళం చెప్పిన కారణం సూటిగా ఉంది: ఓడల్లో ఇప్పుడున్న యంత్రాలు సున్నితమైనవి, మధ్యాహ్నం రమ్ము పుచ్చుకున్న చెయ్యి వాటిమీద పెట్టడం కుదరదు. అమెరికా నౌకాదళమైతే 1914లోనే ఓడల మీద మద్యాన్ని నిషేధించింది.

ఇప్పుడు నువ్వడిగిన జాబితాకి వస్తాను.

మొదటి శనివారం ‘మాస్టర్ అండ్ కమాండర్’ వెయ్యి. 2003లో పీటర్ వీర్ తీసిన సినిమా, తెరచాప ఓడ మీద బతుకు ఎలా ఉండేదో చూపిస్తుంది. దానికి గ్రాగే తగినది. ముప్ఫై మిల్లీలీటర్ల డార్క్ రమ్ము, నూట ఇరవై నీళ్లు, అర నిమ్మచెక్క, చెంచాడు బెల్లం పొడి. అంతకు మించి హంగులొద్దు. నిమ్మచెక్క పిండేటప్పుడు నీ స్నేహితులకి జేమ్స్ లిండ్ సంగతి చెప్పు. 1747లో ‘సాలిస్‌బరీ’ అనే యుద్ధనౌకలో, స్కర్వీ పట్టి చిగుళ్లు కుళ్లుతున్న 12 మందిని జంటలుగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో మందు ఇచ్చి చూశాడాయన. నారింజలూ నిమ్మకాయలూ తిన్న జంట అందరికన్నా ముందు కోలుకుంది. అయినా నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాలు పైవాళ్ల జాప్యం వల్ల పోయినవి. ఎదుటివాడి ఒంటికి ఏది మంచిదో తెలిసీ ఊరుకోవడం ఎంత తప్పో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

రెండోది ‘జాస్’. 1975 నాటి స్పీల్‌బర్గ్ సినిమా, రెండు గంటలపైన నాలుగు నిమిషాలు. దీనికి కాక్‌టెయిల్ కలపకు, చల్లటి బీరు చాలు. అందులో పడవ నడిపే క్వింట్ తాగేది కూడా డబ్బా బీరే. ఒక్క జాగ్రత్త చెప్తాను. రాత్రిపూట పడవలో ముగ్గురూ కూర్చుని గాయాల మచ్చలు చూపించుకుని నవ్వుకుంటారు. అంతలో క్వింట్ ‘ఇండియానాపొలిస్’ ఓడ మునిగిన కథ మొదలుపెడతాడు. ఆ ఓడ నిజంగా ఉండేది. అణుబాంబు భాగాలని టినియన్ దీవిలో దింపి వెళ్తుండగా 1945 జూలై 30న జపాన్ జలాంతర్గామి దాన్ని ముంచింది. సుమారు 1,200 మందిలో ప్రాణాలతో బయటపడ్డవాళ్లు 316 మంది. ఆ మాటలు వినపడుతున్నప్పుడు నీ గదిలో ఐసు ముక్కల చప్పుడు ఉండకూడదు. పొయ్యాల్సిందేదో అంతకు ముందే పోసేసి నువ్వూ వచ్చి కూర్చో.

మూడోది ‘టైటానిక్’. దీని దగ్గరే చాలామంది మర్యాద తప్పుతారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి మొదటి తరగతి ప్రయాణికుల భోజనంలో ‘పంచ్ రొమేన్’ అనే పానీయం వడ్డించారు. వైను, రమ్ము, నిమ్మ నారింజ రసాలు, గుడ్డు తెల్లసొన, నలగగొట్టిన ఐసు కలిపి చేసేవారు దాన్ని. కలపాలనుకుంటే కలుపు, తప్పులేదు. కానీ దానికి ‘ఐస్‌బర్గ్’ అనో ‘మునక’ అనో వెకిలి పేరు పెట్టకు. ఆ ఓడలో సుమారు 2,200 మంది ఉంటే లైఫ్ బోట్లలో చోటు 1,178 మందికే. పోయినవాళ్లు 1,500 మందికి పైనే, ప్రయాణికుల్లో చూస్తే మూడో తరగతి వాళ్లే ఎక్కువ. ఆ పంచ్ వాళ్ల బల్ల దాకా రానేలేదు. గ్లాసు చేతికిస్తూ ఈ అంకెలు చెప్పు, చాలు. వినోదం పోదు, మనిషితనం మిగుల్తుంది.

‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ వెయ్యమని నీ స్నేహితులు ఎలాగూ గొడవ చేస్తారు. వెయ్యి. రమ్ము కూడా పొయ్యి. అయితే అది ఎవరి చెమటో తెలుసుకుని పొయ్యి. కరీబియన్ రమ్ము చెరకు మడ్డి నుంచి వచ్చింది, ఆ చెరకుని ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన బానిసలు నరికారు. బ్రిటిష్ వాళ్లు బానిసత్వం రద్దు చేశాక తోటలకి కూలీలు కరువైతే చూపు మన దేశం మీద పడింది. మన గోదావరి ఒడ్డున కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు మారిషస్ చెరకు తోటలకి వెళ్లారు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి చేరిన మొదటి కూలీల్లోనూ మనవాళ్లు ఉన్నారు. వెళ్లినవాళ్లలో ఎందరో మళ్లీ సొంత ఊరి మొహం చూడలేదు. సినిమాలో దొంగ కెప్టెన్ రమ్ము కోసం వేసే వేషాలకి నవ్వుకో. ఆ సీసా వెనక ఉన్న జనాన్ని మాత్రం మరిచిపోకు.

మన సినిమాలు రెండు కూడా జాబితాలో చేర్చు. ఒకటి 2017లో వచ్చిన ‘ఘాజీ’. కథ కల్పితమే అయినా ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి నిజం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో మన విశాఖ రేవు బయటే మునిగింది. ఆర్కే బీచిలో నిలబెట్టిన ‘కురుసుర’ జలాంతర్గామి లోపలికి నువ్వు చిన్నప్పుడు వెళ్లినవాడివే గనక అంత ఇరుకులో మనుషులు ఎలా బతుకుతారో నీకు తెలుసు. ఘాజీలో పోయినవాళ్లు తొంభై మందికి పైనే. ఆ యుద్ధంలో దేశం గెలిచినందుకు గర్వపడు. వాళ్లు చచ్చారని గ్లాసులు మాత్రం ఎత్తొద్దు. నీళ్లలో పోయినవాడు ఏ జెండా కింద పనిచేసినా వాడి కోసం ఒడ్డున ఎదురుచూసిన తల్లి ఒకతె ఉంటుంది.

రెండోది 2025లో వచ్చిన ‘తండేల్’. శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పడవల్లో కూలికి పనిచేస్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది, 2020 జనవరిలో వదిలిపెట్టింది. ఆ సంఘటనే ఈ సినిమాకి ఆధారం. ఈ సినిమా రాత్రి మందు వద్దు. కొబ్బరినీళ్లు, లేదంటే అల్లం నిమ్మ ఉప్పు వేసిన సోడా ఇవ్వు. కారణం చెప్తాను. జాలరి ఇంట్లో సముద్రం తర్వాత ఎక్కువ నష్టం చేసేది సారాయే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువుకుంటూనే సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది గానీ, సారా మా ఊళ్లో ఎందుకని ఆ ఆడవాళ్లు అడిగిన ప్రశ్న అలాగే ఉంది. ఆ ప్రశ్న తెలిసిన రాష్ట్రంలో పుట్టినవాడివి నువ్వు.

ఇక తాగనివాళ్ల సంగతి. బ్రిటిష్ నౌకాదళంలో రమ్ము వద్దన్న నావికుడి పేరు పక్కన విడిగా గుర్తు వేసి, రమ్ముకి బదులు రోజుకి మూడు పెన్నీలు ఇచ్చేవారు. వద్దన్నా అతని వాటా అతనికి దక్కింది. మన పార్టీల్లో జరిగేది దీనికి తలకిందులు. ‘ఒక్క పెగ్గేరా, ఏమవదు’ అని వెంటపడతారు, తాగనివాడికి ప్లాస్టిక్ గ్లాసులో కోలా పోసి మూల కూర్చోబెడతారు. నువ్వలా చెయ్యకు. మందులేని పానీయం కూడా అంతే శ్రద్ధగా, అదే గాజు గ్లాసులో, అదే నిమ్మచెక్క గుచ్చి ఇవ్వు. ఎందుకు తాగవని ఎవరినీ అడగకు. మొక్కు ఉండొచ్చు, మందులు వాడుతుండొచ్చు, నాన్న తాగుడు చూసి పెరిగి ఉండొచ్చు. ఆ కారణం నీకు చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు.

కొలత విషయంలో మొహమాటపడకు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే పధ్నాలుగు గ్రాముల ఆల్కహాలు: నలభై శాతం మందు సుమారు నలభై నాలుగు మిల్లీలీటర్లు. దాన్ని ఒళ్లు వదిలించుకోవడానికి ఇంచుమించు గంట పడుతుంది. కాఫీ తాగినా చన్నీళ్ల స్నానం చేసినా ఆ గంట తగ్గదు. కంటి లెక్కన పోసిన కాక్‌టెయిల్లో రెండు మూడు డ్రింకులు దాక్కుంటాయి, తీపి మాటున నాలిక్కి తెలియదు. అందుకని కొలిచే చిన్న కప్పు ఒకటి కొనుక్కో. సినిమాకి ఒక్కటే గ్లాసు, అది కూడా మొదటి గంటలోనే. అన్నం ముందు, మందు తర్వాత. ఇరవై ఒక్కటి నిండని కుర్రాళ్లు ఎవరైనా వస్తే వాళ్లకి చుక్క కూడా పొయ్యకూడదు. అక్కడి చట్టం అది, నా మాట కూడా అదే.

వచ్చినవాళ్లు తిరిగి ఎలా వెళ్తారో గ్లాసు చేతికివ్వక ముందే అడుగు. డ్రైవ్ చేసేవాడికి మందులేనిదే ఇవ్వు. వీసా మీద ఉన్న మనవాళ్లు తాగి నడుపుతూ పట్టుబడితే, కేసు తేలక ముందే వీసా రద్దు కావచ్చు. ఒక రాత్రి సరదాకి ఊళ్లో అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రుల ఆశ అంతా కూలిపోతుంది. మీ ఊళ్లో సరస్సులు చాలా ఉన్నాయి. సినిమా అయ్యాక పడవ షికారు అని ఎవడైనా లేస్తే, తాగినవాళ్లని పంపకు. అమెరికాలో సరదా పడవల ప్రమాదాల్లో చావులకి తెలిసిన కారణాల్లో మొదటిది మద్యమేనని అక్కడి కోస్ట్ గార్డే ఏటా చెప్తోంది. మా ఓడల్లోనూ అంతే. 2012 నుంచి అంతర్జాతీయ నిబంధన ప్రకారం డ్యూటీలో ఉన్నవాడి రక్తంలో ఆల్కహాలు 0.05 శాతం దాటకూడదు. చాలా ట్యాంకర్ కంపెనీలు అసలు చుక్కే వద్దంటాయి. సముద్రం మీద ఒకడి మత్తుకి ఓడంతా మూల్యం చెల్లిస్తుంది గనక.

ఈ ఉత్తరంలో ఏమి మరిచిపోయినా ఒకటి గుర్తుంచుకో. ఎన్ని రకాలు కలిపావు, ఎంత బాగా కలిపావు అన్నది మంచి ఆతిథ్యానికి లెక్క కాదు. వచ్చిన ప్రతివాడూ క్షేమంగా ఇల్లు చేరి, మర్నాడు పొద్దున సినిమా గురించి మాట్లాడగలిగితే నువ్వు మంచి ఆతిథ్యం ఇచ్చినట్టు. అది చెయ్యగలనన్న ధైర్యం ఉంటే జాబితా తీసుకో, లేకపోతే సినిమాలు మాత్రం వేసుకో. ఎలాగైనా సరే, ఆదివారం నిద్ర లేవగానే వచ్చిన వాళ్లందరికీ నువ్వే ఫోన్ చేసి కుశలం అడుగు.

ఇట్లు,
మీ మామయ్య