మత్స్యగంధి చేతులు

నిన్నటి వీడియోలో శంతనుడు యమున ఒడ్డున సత్యవతిని చూసే ఘట్టం దగ్గర ఆపాం కదా. అంతకుముందు సంగతి ఒకటి చెప్పాలి.

ఆదిపర్వంలో ఆవిడ దాశరాజు పెంచిన బిడ్డ. తండ్రి మాట మీద పడవ నడిపి జనాన్ని రేవు దాటించేది. ఒంటికి చేపల వాసన, అందుకే మత్స్యగంధి. పరాశరుడి వరంతో యోజనగంధి అయింది. ప్రవచనాల్లో మనం ఆ వరం గురించే చెప్పుకుంటాం. తెడ్డు వేసిన చేతుల మాట ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు.

మొన్న మే నెలలో భీమిలి నుంచి విశాఖ వచ్చే బస్సులో ఒక పెద్దావిడ ఎండుచేపల తట్టతో నా పక్కన కూర్చుంది. గుడి నుంచి వస్తున్నా, చేతిలో ప్రసాదం. లేచి వెనక సీటుకి వెళ్లిపోయా. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు, తట్టని కాళ్ల దగ్గరికి లాక్కుంది.

మన తీరంలో వేటకెళ్లేది ఎక్కువగా మగవాళ్లే. పడవ ఒడ్డుకొచ్చాక పని ఆడవాళ్లది. పాటలో చేపలు కొనాలి, మోసుకెళ్లి అమ్మాలి, మిగిలినవి ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. అప్పుడు చేతికి నాలుగు డబ్బులు రావాలంటే ఆ ఎండుచేపలే. నేను ముక్కు మూసుకున్నది వాటికి!

భారతం చెప్పిన వ్యాసులవారిని కన్నది మత్స్యగంధే. ఈ వ్యాసపూర్ణిమ పూజలో ఆ తల్లి పేరు కూడా చెప్పాలనుకుంటున్నా. బస్సులో ఆవిడ పేరు మాత్రం అడగలేదు.