ఐదు చారిజార్డ్‌లు

చీటోస్ పాకెట్లలో టాజోలు, అంటే పోకెమాన్ బొమ్మలున్న గుండ్రటి బిళ్లలు, వచ్చిన రోజులవి. విశాఖ స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరంలో ఒక పిల్లాడికి బిస్కెట్ డబ్బా నిండా టాజోలే. అందులో చారిజార్డ్‌లు నాలుగు. ఆ సెక్టారులో ఇంకే పిల్లాడి దగ్గరా ఒక్కటీ లేదు. సాయంత్రం క్వార్టర్ల మెట్ల మీద అందరూ చేరి మార్చుకుంటుంటే, వీడు డబ్బా మూత తీసి చూపించి మళ్లీ మూసేసేవాడు.

"నాలుగున్నాయి కదా, ఒకటియ్యరా" అని అడిగితే, "ఇస్తే నీ దగ్గరా ఉంటాది కదా" అనేవాడు.

వీడికి లేనిది సైడక్ ఒక్కటే. ఎదురు బ్లాకు పిల్లాడి దగ్గర రెండున్నాయి. ఒకటి ఇమ్మంటే వాడు చారిజార్డ్ అడుగుతాడు. అది ఇష్టంలేక నాన్నని సతాయించి పాకెట్ల మీద పాకెట్లు కొనిపించాడు. అన్నిట్లోనూ ఉన్నవే వచ్చాయి. ఐదో చారిజార్డ్ కూడా వచ్చింది గానీ సైడక్ రాలేదు.

నాన్నకి గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్‌లో పని. ఎ షిఫ్టు దిగి వచ్చి, కొడుకు మొహం చూసి పక్కన కూర్చున్నాడు.

"చిన్నా, మా ప్లాంటుకి సొంత ఇనుప గని ఉందేటి?"

"లేదా?"

"లేదు నాన్నా. ఖనిజం బైలడిల్లా కొండల నుంచి కొత్తవలస లైను మీద రావాలి. కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియాలో ఓడెక్కి మన రేవుకి రావాలి. మా కొండ మాదే, మా బొగ్గు మాదే అని వాళ్లు కూర్చుంటే ఇక్కడ ఏటి కరుగుతాది? చేసిన ఉక్కుని మేం యార్డులోనే దాచుకుంటే నీకు పాకెట్లు ఎలా కొంటాను?"

మర్నాడు వాడు చారిజార్డ్ పట్టుకెళ్లేసరికి, ఎదురు బ్లాకు వాడు మిగులు సైడక్‌ని పక్క సెక్టారు అమ్మాయికి ఇచ్చేశాడు. ఆ అమ్మాయికి చారిజార్డ్ అక్కర్లేదు, బల్బసార్ కావాలట. బల్బసార్ రెండున్నవాడు చారిజార్డ్ కోసం ఎదురుచూస్తున్నాడు. అలా ఇద్దరి చేతులు దాటి, చీకటి పడేలోపు సైడక్ ఇల్లు చేరింది. మిగిలిన చారిజార్డ్‌లలో తనకొకటి ఉంచుకుని, ఒకటి మార్చుకున్నాడు, రెండు ఊరికే ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆట మొదలెట్టే ముందు పిల్లలే వచ్చి వీడి తలుపు కొట్టేవారు.

నీతి: మన దగ్గర ఎక్కువైనది ఇంకొకరికి చేరితేనే మన లోటు తీరే దారి దొరుకుతుంది.

పోకెమాన్ పుట్టిందే ఈ ఆలోచనతో. దాన్ని సృష్టించిన సతోషి తాజిరి టోక్యో శివారులో పురుగులు పట్టుకుంటూ పెరిగినవాడు. రెండు గేమ్‌బాయ్‌లని కలిపే కేబుల్ చూసి, దాని మీద ఒక పురుగు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు ఊహించాడు. 1996లో జపాన్‌లో రెడ్, గ్రీన్ అని రెండు పోకెమాన్ ఆటలు విడుదలయ్యాయి. ఎకాన్స్ రెడ్‌లోనే దొరుకుతుంది, శాండ్‌ష్రూ గ్రీన్‌లోనే. ఎంత ఆడినా ఒక్కడే అన్నిటినీ పట్టలేడు. రెండో ఆట ఉన్న స్నేహితుణ్ని వెతుక్కోవాల్సిందే.

ఇప్పటి పిల్లల చేతుల్లో టాజోల బదులు పోకెమాన్ కార్డులున్నాయి. "ఎవరికీ ఇవ్వకు, పోతాయి" అని పెద్దలు చెప్పడం వింటే నాకు బాధేస్తుంది. ప్లాస్టిక్ తొడుగు వేయించి ధర చూసుకోవడం నేర్పుతున్నాం, అడగడం, ఇవ్వడం నేర్పడం లేదు. కార్డు నలిగితే నలగనివ్వండి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లని మోసం చేస్తున్నారేమో అనిపిస్తే పక్కన కూర్చుని చూడండి, డబ్బా మాత్రం లాక్కోకండి.