పదిహేను రోజుల బట్టలు

వాషింగ్ మిషన్ చెడిపోవడం మీద వ్యాసమా అని ముందు నాకే అనిపించింది. నిజానికి నేను రాస్తున్నది వేరే. స్త్రీల ఆత్మకథల్లో వంటింటి గురించి ఒక వ్యాసం మొదలుపెట్టి సగం దాకా వచ్చాను. అది అక్కడే ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే ఈ మిషన్ సంగతే చెప్పాలి.

మాది ముందు వైపు తలుపు ఉండే రకం. పదకొండేళ్ల కిందట కొన్నాం. ఏడాదిగా బట్టలు పిండేటప్పుడు పక్కనే రోడ్డు రోలరు వెళుతున్నట్టు మోత. ఒకరోజు డ్రమ్ము బిగుసుకుపోయి, అడుగు నుంచి తుప్పు రంగు నీళ్లు కారాయి. కంపెనీ సర్వీసు నుంచి వచ్చిన కుర్రాడు డ్రమ్మును చేత్తో అటూ ఇటూ ఊపి చూసి, "బేరింగులు పోయినయ్. దీనికి విడిగా రావు, టబ్బు మొత్తం మార్చాలె" అన్నాడు. పదకొండు వేలు. అంత పెట్టే బదులు ఇంకొంచెం వేసుకుని ఎక్స్‌చేంజిలో కొత్తది తీసుకోమని సలహా కూడా ఇచ్చాడు. ఆ సలహా ఇచ్చింది నాకు కాదు, నా వెనక నిలబడ్డ నా సహచరుడికి. మోత ఎప్పుడు మొదలైందో, ఎన్ని బట్టలు వేస్తే పెరుగుతుందో తెలిసినదాన్ని నేను. "సార్" మాత్రం ఆయన.

బేరింగులు ఎందుకు విడిగా రావో తర్వాత మా బస్తీలో మోటార్లకు చుట్టలు చుట్టే మెకానిక్ చెప్పాడు. డ్రమ్ము ఇరుసు చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. మా బోరు నీళ్లలోని సున్నానికి అది అరిగిపోయి నీళ్లు లోపలికి దిగుతాయి. బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పడుతుంది. రెండు బేరింగులూ ఒక సీలూ కలిపి వెయ్యి రూపాయలు కూడా కావు. కానీ వాటిని చేరుకోవాలంటే బయటి టబ్బు విప్పాలి. చాలా మోడళ్లలో ఆ టబ్బు రెండు సగాలనూ కరిగించి అతికేస్తున్నారు. విప్పడానికి స్క్రూలుండవు. "అతుకు వెంబడి రంపంతో కోసి, బేరింగులేసి, మళ్ల స్క్రూలు కొట్టి పేస్టు పెడత" అన్నాడాయన. మూడు వేల ఎనిమిది వందలు. ముందు నాలుగు మిషన్లున్నాయి కాబట్టి పదిహేను రోజులు పడుతుంది.

ఇంట్లో చర్చ జరిగింది. నా సహచరుడు బాగుచేయించాల్సిందే అన్నాడు. విప్పలేని వస్తువును తయారుచేయడమే ఒక మోసమని, మనం కొత్తది కొంటే ఆ మోసానికి బహుమతి ఇచ్చినట్టని ఆయన వాదన. నాకూ అంతే అనిపించింది. వినిమయ సంస్కృతి గురించి క్లాసులో గంటలు గంటలు మాట్లాడేదాన్ని, ఇంకోలా ఎలా అంటాను? కొత్తది కొనమన్నది ఒక్క అత్తయ్యే. "బాగుచేసిన వస్తువు మనతో మళ్లీ మళ్లీ బాగుచేయించుకుంటూనే ఉంటుంది" అంది. ఆవిడకు పర్యావరణ స్పృహ లేదని మేమిద్దరం నవ్వుకున్నాం. ఎనిమిది మంది బట్టలు నలభై ఏళ్లు బోరింగు దగ్గర ఉతికిన మనిషి ఆవిడ. మా లెక్కలో లేనిదేదో ఆవిడకు తెలుసేమో అన్న ఆలోచన మాకు రాలేదు.

మా లెక్కలో లేనివి ఆ పదిహేను రోజులు. ధర రాసుకున్నాం, కరెంటు, నీళ్లు రాసుకున్నాం, ఇంకో ఐదేళ్లు పనిచేస్తే ఏడాదికెంత పడుతుందో భాగించాం. నలుగురున్న ఇల్లు, అందులో బడికెళ్లే పిల్ల. పదిహేను రోజులు ఈ బట్టలు ఎవరు ఉతుకుతారు అని మాత్రం ఇద్దరు పీహెచ్‌డీలకూ తట్టలేదు.

బెరెనిస్ ఫిషర్, జోన్ ట్రోంటో అనే ఇద్దరు స్త్రీవాదులు 1990లో సంరక్షణను నిర్వచిస్తూ, మనం బతికే ఈ లోకాన్ని నిలబెట్టడం, కొనసాగించడం, మరమ్మతు చేయడం అన్నీ అందులో భాగమేనన్నారు. ఆ నిర్వచనం నాకెంతో ఇష్టం. బాగుచేయడం ఒక నైతిక చర్య అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా దాన్నే తెచ్చుకుంటాను. కానీ మా ఇంట్లో మిషన్‌కు సంరక్షణ దొరికిన ఆ పదిహేను రోజులూ దాని భారం మోసింది దాన్ని కోరుకున్నవాళ్లు కాదు.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకంలో అమెరికా ఇళ్ల గురించి ఇలాంటి సంగతే చూపించింది. ఒకప్పుడు లాండ్రీలకో పనిమనుషులకో వెళ్లిన బట్టలు మిషన్ రాగానే ఇంటికి తిరిగొచ్చి గృహిణి మీద పడ్డాయి. శుభ్రత ప్రమాణాలు పెరిగాయి, పని గంటలు అనుకున్నంతగా తగ్గలేదు. దీనికి వ్యతిరేకంగా హాన్స్ రోస్లింగ్ 2010 ప్రసంగం ఉంది. మిషన్ తిరుగుతుంటే తన తల్లికి లైబ్రరీకి వెళ్లే తీరిక దొరికిందని ఆయన సంబరంగా చెప్తాడు. నేను రోస్లింగ్‌ను కొట్టిపారేయలేను. నా పీహెచ్‌డీలో కొన్ని అధ్యాయాలు ఆ డ్రమ్ము తిరుగుతుండగా రాసినవే. అయినా మన దేశపు సమయ వినియోగ సర్వేలు చూడండి. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024కి అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లకు తొమ్మిది తగ్గాయి! ఈ మధ్యలో ఎన్ని మిషన్లు అమ్ముడుపోయి ఉంటాయో.

రెండోరోజే అత్తయ్య సమస్య తీర్చేసింది. మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమెతో, "పదిహేను రోజులే కదా, బట్టలు కూడా చూడు" అంది. (ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవచ్చా అని నేను అడగలేదు.) ఎనిమిది వందలు ఇస్తామని నేనే చెప్పాను. మిషన్ ఉందన్న కారణంగా మొదటినుంచీ మా ఇంట్లో ఆమె జీతంలో బట్టల డబ్బు లేదు. పై అంతస్తులో ఉంది.

ఐదోరోజు ఆత్మకథల వ్యాసం ముందు కూర్చున్నాను. ఇంటిచాకిరీ ఎలా అదృశ్యమవుతుందో రాస్తున్నాను. బాత్రూమ్‌లోంచి బ్రష్షు చప్పుడు. దుప్పటి తడిస్తే ఎంత బరువుంటుందో మోసినవాళ్లకు తెలుసు. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి బకెట్లో వేసినప్పుడల్లా చిన్నగా మూలుగు. నేను రాస్తున్న వాక్యం పూర్తికాలేదు.

చాకిరీ అనే మాట పారశీకం నుంచి వచ్చింది, చాకలి మన మాట. రెండింటికీ పుట్టుకలో సంబంధం లేదని భాషాశాస్త్రం చెప్తుంది. నా బాల్యంలో మాత్రం రెండూ ఒకటే. ఖమ్మం దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో చాకలామె పొద్దున్నే వచ్చి మూట కట్టుకుపోయేది. రేవులో ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి సాయంత్రం తెచ్చేది. ఏడాదికిన్ని వడ్లు, రాత్రిపూట గిన్నెలో వేసే అన్నం ఆమె కూలి. పురిటి బట్టలూ, బహిష్టు బట్టలూ ముట్టుకుంటే మాకు మైల. ఆమెకు మైల లేదా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి తన భూమిని కాపాడుకున్న పాలకుర్తి ఐలమ్మ గురించి తర్వాతెప్పుడో చదువుకున్నాను. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు మేమంతా సంతోషించాం. చాకలి ఐలమ్మ పేరు మీద సెమినార్లో మాట్లాడి ఇంటికొచ్చి, నా దుప్పట్లు ఇంకొకామెతో ఉతికించుకుంటున్నాను. మిషన్ కొన్నాక ఈ కులపు లెక్క నా ఇంట్లో ముగిసిపోయిందనుకున్నాను. నిజానికి అది ముగియలేదు, మిషన్ వెనక సర్దుకుని కూర్చుంది.

లేచి వెళ్లి, "రేపటి నుంచి బట్టలు వద్దులే, మేం చూసుకుంటాం" అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. "ఏం మేడం, మంచిగ ఉతకలేదా?"

అప్పుడు తెలిసింది నాకు, నా మనసు తేలిక చేసుకోవడానికి ఆమె ఎనిమిది వందలు కోస్తున్నానని. డబ్బులు ఎలాగూ ఇస్తానని గబగబా చెప్పాను. తర్వాత, ఏదో క్షమాపణ దొరుకుతుందన్నట్టు, బాగుచేయించమంటావా కొత్తది కొనమంటావా అని అడిగాను. ఆమె నవ్వింది. "ఏది చేసినా మిషనొస్తే నా పైసలు పోయేటియే గద."

కొత్తది కొనేటట్టయితే పాతది ఆమెకిస్తే? అదీ అడిగాను. "యాడ పెడత? మాకు నల్లా రోజు విడిచి రోజొస్తది."

కొత్తది కొని ఉంటే? పాతది ఎక్స్‌చేంజిలో వెళ్లేది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీద బాధ్యత పెట్టాయి, నిజమే. అయినా మన దగ్గర ఇలాంటి సామాను చాలావరకు చేతులతోనే విడిపోతుంది. మోటారులోని రాగి తీగ, స్టీలు డ్రమ్ము అమ్ముడుపోతాయి. కదలకుండా ఉండటానికి లోపల పెట్టే సిమెంటు దిమ్మె ఎక్కడో పడుంటుంది. ఢిల్లీ సీలంపూర్‌లో సర్క్యూట్ బోర్డులను ఊడదీసే చేతుల్లో ఆడవాళ్లవీ పిల్లలవీ ఉన్నాయి. కొత్తది కొంటే బరువు నేను చూడని చేతుల మీద పడుతుంది, బాగుచేయిస్తే నాకు కనిపించే చేతుల మీద పడుతుంది. ఈ రెండూ సమానమని నేననను. పదిహేను రోజుల దుప్పట్లూ, యాసిడ్ పొగా ఒకటి కావు. బాగుచేయించడమే సరైనదని ఇప్పటికీ అంటాను. కానీ అది సరైనదని తీర్మానించినవాళ్లే ఆ పదిహేను రోజుల్నీ మొయ్యాలి. ఆ మాట నా సహచరుడితో అన్నాను. ఒప్పుకున్నాడు. నాలుగు రోజులు ఉత్సాహంగా ఉతికాడు, తన చొక్కా కాలర్ల మురికి మొదటిసారి చూశాడు. తర్వాత ఆయనకేదో ప్రాజెక్టు గడువు వచ్చింది. దుప్పట్లు లాండ్రీకి పోయాయి, కిలోకు డెబ్బై రూపాయలు. చూశారా, ఆయన వంతు వచ్చేసరికి పదిహేను రోజులకూ ఒక ధర ఏర్పడింది, మా లెక్కలో మొదటిసారి ఎక్కింది. మిగిలిన చిన్న బట్టలు నేనే ఉతికాను. అత్తయ్య ఏమీ అనకుండా చూస్తూ ఉండేది. అనకపోవడమే ఎక్కువగా ఉండేది.

పదిహేడో రోజున మెకానిక్ మిషన్ తెచ్చి బిగించాడు. "సార్ లేరా?" అనడిగి, లేరంటే పాత బేరింగులు రెండూ నా చేతిలో పెట్టాడు, మార్చాననడానికి సాక్ష్యంగా. తుప్పు పట్టి కదలడం లేదు. మిషన్ ఇప్పుడు మెత్తగా తిరుగుతోంది, స్క్రూలు బిగించిన చోట సన్నగా ఒక గరగర తప్ప.

ఒకటో తారీఖున జీతంతో పాటు ఎనిమిది వందలూ ఇచ్చాను. ప్రతి నెలా ఇవ్వాలని నా ఆలోచన. పని లేకుండా జీతమా అంది అత్తయ్య. నా సహచరుడు దాన్ని దానం అన్నాడు. ఇన్నేళ్లూ ఇవ్వని బట్టల డబ్బు అన్నాను నేను. ఆమె మాత్రం నోట్లు లెక్కపెట్టుకుని ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బాత్రూమ్‌లోంచి మళ్లీ బ్రష్షు చప్పుడు. వెళ్లి చూస్తే గుమ్మాల ముందు పట్టాలన్నీ నానబెట్టి ఉతుకుతోంది. ఎవరు చెప్పారని అడిగాను.

"ఊకనే ఇస్తరా మేడం ఎవరన్న?" అంది, తల ఎత్తకుండానే.