అంతా బాగానే ఉంది

పోయిన ఏడాది ఆగస్టు చివర్లో మా ఆవిడ చెల్లెలు దోహా వచ్చింది. హైదరాబాదులో పదేళ్లు లెక్కలు చెప్పిన టీచరు. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో ఉద్యోగం దొరికింది. కొత్త ఊళ్లో మొదటి రోజు అందరికీ జరిగేదే ఆమెకీ జరిగింది. సిమ్ కార్డు, నజ్మాలో స్కూలు వాళ్లిచ్చిన గది, లూలూలో బియ్యం, కందిపప్పు, కారు దిగగానే కళ్లద్దాలకి ఆవిరి పట్టడం. మనిషి మాత్రం పరధ్యానంగా ఉంది. ఇల్లు గుర్తొస్తోందేమో అనుకున్నాం.

మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ చెప్పింది. "బావా, పొద్దున ఫ్లయిట్లో ఒక అబద్ధం ఆడాను."

పక్క సీటు కుర్రాడిది జగిత్యాల వైపు పల్లె. విమానం ఎక్కడం అదే మొదలు. ఈమె టీచరని తెలిసి ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీశాడట. "అక్కా, గిది జర సదివి చెప్తవా? డ్రైవర్ పని, పద్దెనిమిది వందల రియాళ్లన్నడు ఏజెంటు. గట్లనే రాసిన్రా?" కాగితంలో క్లీనర్ అని ఉంది. జీతం 1,000 రియాళ్లు, తిండీ బసా కంపెనీవి. సంతకం ఎప్పుడో పెట్టేశాడు, ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోట. కింద అరేబియా సముద్రం. ఈమె "అంతా బాగానే ఉంది తమ్ముడూ" అంది. అతను కాగితాలు జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టుకుని నిద్రపోయాడు.

"అప్పుడు చెప్పి ఏం లాభం బావా? అప్పు చేసి వచ్చినవాడు. వెనక్కి దారి లేదు. ఆ రెండు గంటలైనా నిశ్చింతగా ఉంటాడు కదా."

ఇలాంటి వాటికి మనకి పెద్దల అనుమతి ఉందనుకుంటాం. పెళ్లి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు బొంకొచ్చని పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్తాడు. (బలి ఆ సలహా వినలేదన్న సంగతి అవసరానికి మర్చిపోతాం.) జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో రాసిన వ్యాసంలో రెండో కొసకి వెళ్లాడు. హంతకుడు తలుపు కొట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదన్నాడు. అదీ నాకు మింగుడు పడదు. అయితే ఆ రెండు కథల్లోనూ మోసపోయేవాడు ఒకడు, బాగుపడేవాడు ఇంకొకడు. మా మరదలి కథలో మోసపోయినవాడే బాగుపడాలి. అది జరిగే పనేనా?

వెనక్కి దారి లేదన్నది ఒకప్పుడు నిజమే. పాత కంపెనీ ఒప్పుకోనిదే ఇక్కడ ఇంకో ఉద్యోగంలో చేరడం కుదిరేది కాదు. 2020లో ఆ షరతు తీసేశారు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు, తిండీ బసా కాక. అంటే అతని కాగితంలో ఉన్నది చట్టం గీసిన అడుగు గీత. కంపెనీ దాచిందేమీ లేదు, దాచింది ఊళ్లో ఏజెంటు. ఈ ఒక్క సంగతి తెలిస్తే, ఏజెంటుకి ఇవ్వాల్సిన మిగతా డబ్బు ఆపమని ఇంటికి ఫోను చేసేవాడేమో. ఇండియన్ ఎంబసీ కింద పనిచేసే ఐసీబీఎఫ్ వాళ్లని అడిగేవాడేమో. చట్టం పుస్తకంలో ఉన్న తలుపు బయట అంత తేలిగ్గా తెరుచుకోదని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. అయినా తట్టాలా వద్దా అన్నది అతను తేల్చుకోవాల్సిన మాట. అది ఈమె తేల్చేసింది.

ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిజం చెప్తే ఆ రెండు గంటలూ అతని మొహం చూడాల్సొచ్చేది. అది నా వల్ల కాలేదు" అంది.

నేనేం మాట్లాడను? మా ఆఫీసు ఊడ్చే నిజామాబాద్ ఆయన ఒకసారి చీటీ చూపించి, "సార్, ఓవర్‌టైం లెక్క కరెక్టేనా?" అని అడిగాడు. జీతాల సాఫ్ట్‌వేర్ మీద బతికే నేను, మీటింగుకి ఆలస్యమవుతోందని, సరిగ్గా చూడకుండానే కరెక్టే అన్నాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్లాడు.

సాయంత్రం ఆమె ఇంటికి ఫోను చేసింది. గది ఎలా ఉందని వాళ్లమ్మ అడిగింది. ఆ గదిలో ఇంకో ఇద్దరున్నారు. "బాగానే ఉందమ్మా" అని పెట్టేసి నా వైపు చూసింది. "ఇది వేరు కదా బావా?"

వేరే. ఆ ఇరుకు పడేది ఆమే కదా, వాళ్లమ్మ కాదు.

రాత్రి తొమ్మిదిన్నరకి గదికి దింపుదామని లేచాను. "ఆ కాగితం మీద కంపెనీ పేరు గుర్తుంది. వాళ్ల క్యాంపు ఎక్కడుంటుంది?" అంది.

"ఇండస్ట్రియల్ ఏరియాలో. సనయా అంటారు. శుక్రవారం వాళ్లకి సెలవు, అప్పుడు వెళ్దాం."

"ఇవాళ మంగళవారం. ఈలోపు ఏజెంటుకి డబ్బు కట్టేస్తే?"

అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను కారు తాళాలు ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.