చుట్టపుచూపు చదువు

ఆర్ట్స్ చదివేవాళ్ళంటే మనవాళ్ళకు మొదటినుంచీ కొంచెం జాలి. "ఎమ్.పి.సి.లో సీటు రాలేదా?" అని అడగడంలోనే ఆ సానుభూతంతా ఒలికిపోతుంది. అలాంటి చదువు చదివినవాళ్ళు ఏరికోరి సైన్సువాళ్ళ కోటలోకే వెళ్తామంటే ఇక చెప్పేదేముంది! జాలి కాస్తా అనుమానమవుతుంది.

పసుపు పండే మా ధర్పల్లిలో ఈమధ్య ఇదే చర్చ. బి.ఏ. పూర్తిచేసిన అమ్మాయి, నాకు వరసకు కూతురు. ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయం. డిచ్‌పల్లిలోనే కనుక పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. రెండోది సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాద్. ఐ.ఐ.టి. అనగానే ఇంజనీర్లే గుర్తొస్తారు గానీ, 2008లో మొదలైన ఆ సంస్థలో లిబరల్ ఆర్ట్స్ విభాగమూ ఉంది, డెవలప్‌మెంట్ స్టడీస్ అనే ఎమ్.ఏ. కూడా ఉంది.

"కాకా, ఆడ అందరు మిషన్లోళ్ళే. వాళ్ళ నడుమ నేనేం జేస్త?" అంది అమ్మాయి. వాళ్ళ నాయన ఇంకో మెట్టెక్కి, "అది చుట్టపుచూపు చదువు. ఎన్నిరోజులున్నా ఇంటోళ్ళం గాము" అన్నాడు.

కొట్టిపారేయదగిన మాట కాదు. మన శాస్త్రానికి పెద్దపీట వేసినచోట పదిమంది గురువులు, నిండైన గ్రంథాలయం, అర్ధరాత్రిదాకా వాదించే సావాసగాళ్ళు దొరుకుతారు. శాసనాలో కావ్యాలో లోతుగా చదవదలచినవాళ్ళు అటే వెళ్ళాలి. పేరు చూసి చదువు ఎంచుకోవడం, డబ్బా చూసి పసుపు కొనడం రెండూ ఒకటే.

కాని 2019 లోక్‌సభ ఎన్నికలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మా నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. అందులో 178 మంది రైతులే! పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర రావాలి అన్నది వాళ్ళ గోడు. ఓటింగ్ యంత్రం ఒక్కో యూనిట్లో 16 పేర్లే పడతాయి కనుక, పోలింగ్ కేంద్రానికి 12 యూనిట్లు వరసగా జోడించారు. ఏప్రిల్ 11న పోలింగ్ జరిగిపోయింది. అది ఇంజనీర్ల ఘనత, ఒప్పుకుందాం.

అయితే అంతమంది రైతులు డిపాజిట్టు కట్టి మరీ ఎందుకు నిలబడ్డారన్న ప్రశ్నకు ఆ 12 యూనిట్లలో ఎక్కడా మీట లేదు. పసుపు కొమ్ములో కర్కుమిన్ ఎంతుందో ప్రయోగశాల చెబుతుంది. నెలల తరబడి సాకి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి యార్డుకు తెచ్చిన మనిషి ధర విని ఎందుకు మౌనంగా కూర్చుండిపోతాడో చెప్పదు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది, సంతోషం. దాని పని సాగాలన్నా ఈ రెండు రకాల తెలివీ కావాలి.

యంత్రాలు చేసేవాళ్ళు ఒక ఊళ్ళో, "ఎవరికోసం?" అని అడిగేవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉంటే ఎట్లా? పని అయిపోయాక విమర్శ రాయడం కంటే, పని జరుగుతుండగా పక్కన కూర్చుని అడగడం మేలు కదా. అమెరికాలో ఎమ్.ఐ.టి. సాంకేతిక విద్యకు పెట్టింది పేరు. భాషాశాస్త్రాన్ని మలుపు తిప్పిన నోమ్ చామ్‌స్కీ 1955లో చేరింది అక్కడే. చుట్టంగా వెళ్ళిన చదువు అక్కడ సొంత ఇల్లే కట్టుకుంది.

చుట్టం మాత్రం రెండు పనులు చేయకూడదు. అంకెలూ పట్టికలూ చల్లుకుని ఇంటివాళ్ళ వేషం కట్టకూడదు. అలిగి ఓ మూల కూర్చోనూకూడదు. వాళ్ళ భాష కొంత నేర్చుకుని, తన ప్రశ్న తానే అడగాలి.

చుట్టపుచూపే కదా అని చిన్నచూపు వద్దు. ఇంట్లో బూజు మన కంటబడేది చుట్టాలొస్తున్నారంటేనే!